ఎడమ దారి అంటే ఏ ఎడమ?

కిందటి నెల ఈ శీర్షికలో దివ్యజ్ఞాన సమాజం గురించి, అంటే మనవాళ్లు థియోసాఫికల్ సొసైటీ అని పిలిచే సంస్థ గురించి, నాలుగు మాటలు రాశాం. 1875 నవంబరు 17న న్యూయార్క్‌లో హెలెనా బ్లావట్‌స్కీ అనే రష్యన్ మహిళ, ఆల్కాట్, విలియం జడ్జ్ అనే ఇద్దరు సహచరులు కలిసి దాన్ని మొదలుపెట్టారనీ, 1882 నుంచి మద్రాసు అడయారే దానికి కేంద్రమనీ చెప్పాం. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి: వామమార్గం (అంటే ఎడమ దారి), క్షుద్రవిద్య, సైతాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయించాం.

ప్రశ్న: మా తాతగారిది శ్రీవిద్యోపాసన. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో బ్లావట్‌స్కీ రాసిన పదకోశం దొరికింది. అందులో దక్షిణాచారులు తెల్ల మంత్రగాళ్లు, వామాచారులు నల్ల మంత్రగాళ్లు అన్న అర్థం వచ్చేలా ఉంది. ఇంట్లో చదివి వినిపిస్తే పెద్దవాళ్లు నొచ్చుకున్నారు. ఆ మాట నిజమేనా?
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు చదివింది సరిగ్గానే చదివారు. ఆమె పోయాక 1892లో అచ్చయిన పదకోశంలో ఆ సమీకరణం ఉంది. తప్పు అక్కడే మొదలైంది, దాన్ని కొంచెం విప్పి చెప్పాలి.

మన తంత్ర గ్రంథాల్లో వామం, దక్షిణం అన్నవి ఆచారాల, అంటే సాధనా పద్ధతుల, పేర్లు. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న తీర్పు వాటిలో లేదు. కులార్ణవ తంత్రం ఏడు ఆచారాలను మెట్లుమెట్లుగా చెబుతుంది: వేద, వైష్ణవ, శైవ, దక్షిణ, వామ, సిద్ధాంత, కౌల. ఈ వరసలో వామం దక్షిణం కంటే పై మెట్టు. అంటే ఆ పుస్తకం పైకి ఎక్కించినదాన్ని ఈ పదకోశం కిందికి దించింది. పైగా 'వామ' అంటే ఎడమ అనే కాదు, స్త్రీ అనీ అందమైనది అనీ కూడా అర్థం. అర్ధనారీశ్వరుడిలో అమ్మవారు ఉండేది ఎడమ సగంలోనే కదా.

వామాచారంలో పంచమకారాలు ఉంటాయి: మద్యం, మాంసం, మత్స్యం, ముద్ర, మైథునం. ఇక్కడ ముద్ర అంటే వేయించిన ధాన్యం, చేతివేళ్లతో పట్టే ముద్ర కాదు. ఇది దీక్ష పొందిన వీరభావ సాధకులకు మాత్రమే, అదీ గురువు కళ్లెదుట, సాధకులు గుండ్రంగా కూర్చుని చేసే చక్రపూజలో. పశుభావంలో, అంటే ఇంకా మామూలు మనిషి బంధాల్లో, ఉన్నవాళ్లకు ప్రతినిధి ద్రవ్యాలు చెప్పారు: మద్యానికి బదులు కంచుపాత్రలో కొబ్బరినీళ్లు, మాంసానికి బదులు అల్లం, అలాంటివి. అదే కులార్ణవం, కల్లు తాగితేనే సిద్ధి వస్తే తాగుబోతులందరూ సిద్ధులే కావాలి కదా అని ఎత్తిపొడుస్తుంది. కత్తి అంచు మీద నడవడం, పులి మెడ కౌగిలించుకోవడం కూడా ఈ కులమార్గం (కౌలం) కంటే తేలికని హెచ్చరిస్తుంది. లోపల ఇంత కట్టుబాటు ఉంది.

మన ఇంటి తగవు మనకూ ఉంది. సౌందర్యలహరికి వ్యాఖ్య రాసిన లక్ష్మీధరుడు ప్రతాపరుద్ర గజపతి ఆస్థానంలోని వాడు. ఆయన లోపలి పూజే చాలనే సమయాచారాన్ని నిలబెట్టి కౌలాన్ని గట్టిగా తిట్టాడు. మీ తాతగారి ఉపాసన కూడా బహుశా ఆ సమయాచారపు ఒడ్డునే ఉంటుంది. అయితే లక్ష్మీధరుడి అభ్యంతరం బాహ్యపూజ మీద, వేదసమ్మతి మీద. బ్లావట్‌స్కీ అభ్యంతరం వేరు, ఆమెది స్వార్థం మీద. 1888 ఏప్రిల్, మే నెలల్లో తన పత్రికలో రాసిన రెండు వ్యాసాల్లో ఆమె దాన్ని తేల్చిచెప్పింది: శక్తి ఒకటే, దాన్ని నల్లగానో తెల్లగానో చేసేది ఉద్దేశం, ఉద్దేశం ఒక్కటే. ఆ మాట బరువైనది, మేమూ ఒప్పుకుంటాం. విద్యలను నాలుగుగా విడదీసినప్పుడు మాత్రం ఆమె తూకం తప్పింది. క్రతువులతో శక్తులు లేపేది యజ్ఞవిద్య, శబ్దశక్తిని ఎరిగినది గుహ్యవిద్య, నిజమైన జ్ఞానం ఆత్మవిద్య అంటూ, తాంత్రిక పూజను మహావిద్య కింద పెట్టి, అది తరచుగా పరమ నీచమైన మంత్రగాళ్ల విద్య అంది. దశమహావిద్యలనే పదిమంది అమ్మవార్లను కొలిచే ఇంట్లో ఆ మాట వింటే నొచ్చుకోకుండా ఎలా ఉంటారు?

ఉద్దేశమే కొలబద్ద అయితే ఆచారం పేరు చూసి తీర్పు చెప్పకూడదు. మారణం, ఉచ్చాటనం లాంటి షట్కర్మలు, అంటే ఇతరుల మీద చేసే ఆరు ప్రయోగాలు, వామాచారుల సొత్తు కాదు. శత్రువును చంపడానికి శ్యేనయాగం చెప్పింది వేదమే. వేదం చెప్పినా దాని ఫలం అనర్థమేనని, వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు వాదించి తేల్చారు. ఉద్దేశానికీ క్రతువుకూ మధ్య గీత గీయడం మన శాస్త్రానికి ఎప్పటినుంచో తెలుసు. ఆ గీతను బ్లావట్‌స్కీ ఎడమకూ కుడికీ మధ్య గీసింది. హిందూ శాఖలను 'కుడిచేతి', 'ఎడమచేతి' శాక్తులుగా విడదీసిన ఇంగ్లీషు పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. ఆ రెండు పేర్లకూ నైతికపు రంగు బలంగా పూసి పశ్చిమ దేశాల్లో పాకించింది మాత్రం ఆమే.

ప్రశ్న: దివ్యజ్ఞాన సమాజం వాళ్లు లూసిఫర్ పేరుతో పత్రిక నడిపారని, వాళ్లు సైతాను ఆరాధకులని మా సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద, లూసిఫరే దేవుడని ఆల్బర్ట్ పైక్ అనే ఆయన అన్నట్టు ఒక మాట కూడా ఉంది. నిజమా?
— అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పత్రిక నిజం, ఆరాధన అబద్ధం, పైక్ పేరు మీద తిరిగే మాట దొంగది. మూడింటినీ విడివిడిగా చూడండి.

1887 సెప్టెంబరులో లండన్‌లో బ్లావట్‌స్కీ ఆ పేరుతోనే పత్రిక పెట్టింది. 1897లో పేరు మార్చారు. లూసిఫర్ లాటిన్ మాట, వెలుగు తెచ్చేది అని అర్థం. తెల్లవారుజామున కనిపించే శుక్రుడికి రోమనులు పెట్టిన పేరు. మీ తెలుగు బైబిలు తీయండి. యెషయా 14వ అధ్యాయం 12వ వచనంలో 'వేకువచుక్కా' అన్న పిలుపు ఉంటుంది. లాటిన్ బైబిల్లో ఆ చోట ఉన్న మాటే లూసిఫర్. అది ఎవరిని ఉద్దేశించిందో అదే అధ్యాయం 4వ వచనం చెబుతుంది: బబులోను రాజును. ఇప్పుడు ప్రకటన గ్రంథం 22వ అధ్యాయం 16వ వచనం చూడండి. అక్కడ యేసు తనను తానే వేకువచుక్క అని చెప్పుకుంటాడు. పత్రిక పేరును సమర్థిస్తూ బ్లావట్‌స్కీ చూపించిన ఆధారం ఇదే. తెలుగు అనువాదకులు రెండు చోట్లా ఒకే మాట వాడడం వల్ల ఇంగ్లీషు చదివేవాళ్ల కంటే మీకే ఈ సంగతి తేలిగ్గా అందుతుంది.

అలాగని ఆమెను పూర్తిగా కడిగి ముత్యం చేసి చూపించడం కూడా నిజాయితీ కాదు. 1888లో వచ్చిన తన ప్రధాన గ్రంథం 'సీక్రెట్ డాక్ట్రిన్' రెండో సంపుటంలో ఆమె ఏదెను తోట కథను తిరగేసి చదివింది. పాము మోసగాడు కాదు, మనిషికి మనస్సు ఇచ్చినవాడు. దేవదూతల పతనం అంటే మానసపుత్రులు అనే దివ్యజీవులు మానవ దేహంలోకి దిగిరావడం. దేవతల నిప్పు దొంగిలించి మనిషికిచ్చిన గ్రీకుల ప్రొమీథియస్ కథ కూడా ఇదేనంది. ఇది చర్చి బోధకు పూర్తిగా ఎదురు, మీ సంఘంవాళ్లు అభ్యంతరపడితే అందులో తప్పు లేదు. కానీ ఇది పురాణానికి చెప్పిన అర్థం. ఆమె సమాజంలో లూసిఫర్‌కు పూజ లేదు, మంత్రం లేదు, బలి లేదు.

పైక్ సంగతి. ఆయన అమెరికాలో ఫ్రీమేసన్లు అనే రహస్య సోదరసంఘానికి పెద్ద. లియో టాక్సిల్ అనే ఫ్రెంచి రచయిత, ఫ్రీమేసన్లు రహస్యంగా సైతానును కొలుస్తారంటూ ఏళ్ల తరబడి కథలు అల్లాడు. 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి, అదంతా నా కల్పన అని తానే ఒప్పుకున్నాడు. లూసిఫర్ దేవుడని పైక్ అన్నట్టు తిరిగే వాక్యం ఆ కల్పన నడుస్తున్న కాలంలో, 1894లో, ఒక ఫ్రెంచి పుస్తకంలోకి ఎక్కింది. టాక్సిల్ ఒప్పుకోలు మీ గ్రూపులో పెట్టండి.

ప్రశ్న: హాస్టల్లో పిల్లలు ఆత్మలను పిలుస్తామంటూ ప్లాంచెట్ ఆడుతున్నారు. ఇది థియోసఫీ నేర్పిందేనా?
— మంగళగిరి

జవాబు: కాదు, థియోసఫీ దాన్ని వద్దంది. చనిపోయినవాళ్ల అసలు జీవం ఆ పిలుపుకు రాదనీ, వచ్చేది వాళ్లు వదిలేసిన కామరూపపు (కోరికల శరీరపు) డొల్ల మాత్రమేననీ, దానితో ఆడుకుంటే పిలిచినవాళ్లే నీరసించిపోతారనీ బ్లావట్‌స్కీ వాదన. భౌతికశాస్త్రం చెప్పేది ఇంకా తేలిక. 1853లో మైకేల్ ఫారడే ఆత్మలు కదుపుతున్నాయన్న బల్ల కదలికలను పరీక్షించి, కూర్చున్నవాళ్ల చేతులే తమకు తెలియకుండా బల్లను నెడుతున్నాయని చూపించాడు. పిల్లల కళ్లకు గంతలు కట్టి, అక్షరాల పలకను తిప్పి పెట్టమనండి. జవాబులు అర్థంలేని అక్షరాలవుతాయి.

ప్రశ్న: బ్లావట్‌స్కీకి ఎదురు చెప్పిన తెలుగువాడు ఒకరున్నారని విన్నాం. ఎవరు, దేనికి? ఆమె మన గుంటూరు వచ్చిందంటారు, నిజమేనా?
— తెనాలి

జవాబు: ఆయన తల్లాప్రగడ సుబ్బారావు. 1856లో పుట్టి, మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకుని, 1890 జూన్ 24న, ముప్ఫైనాలుగేళ్లు నిండకుండానే పోయారు. ఆ చిన్న జీవితంలో ఆయన చేసిన పని మీద మన భాషలో ఇంకా రావలసినంత రాలేదని మాకు బాధ ఉంది.

గుంటూరు సంగతి నిజమే. 1882 ఏప్రిల్‌లో మద్రాసులో సుబ్బారావు సభ్యత్వం తీసుకున్న కొద్ది రోజులకు, మే నెల ఎండల్లో, బ్లావట్‌స్కీ, ఆల్కాట్ బకింగ్‌హామ్ కాలువ మీద పడవలో నెల్లూరు వచ్చారు. అక్కడి నుంచి పెదగంజాం దాకా కాలువ మీదే వచ్చి, ఆపైన పల్లకీల్లో గుంటూరు చేరారు.

ఇక తగవు. మనిషి ఏడు తత్వాల కూర్పు అని బ్లావట్‌స్కీ: స్థూలశరీరం, ప్రాణం, లింగశరీరం, కామరూపం, మనస్సు, బుద్ధి, ఆత్మ. సుబ్బారావుగారు 1886 డిసెంబరులో అడయారులో భగవద్గీత మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో, ఈ ఏడు లెక్క శాస్త్రీయంగా నిలబడదని అన్నారు. తారకరాజయోగం అనే సాధనామార్గంలో నాలుగే చాలు: స్థూలోపాధి, సూక్ష్మోపాధి, కారణోపాధి, వాటికి పైన ఆత్మ. ఇది లెక్కల గొడవలా కనిపిస్తుంది. ఆయన పట్టు వేరేచోట ఉంది. ఉపాధి అంటే చైతన్యం విడిగా నిలిచి పనిచేయగలిగే ఆధారం. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అనే మూడు అవస్థలకు మూడు ఉపాధులు సరిపోతాయి. కామరూపాన్నీ మనస్సునూ విడదీస్తే, ఆ రెండిటిలో విడివిడిగా నిలవగల చైతన్యం ఏదో చూపించాలి. యోగి అభ్యాసంలో అది దొరకదు. అభ్యాసంలో దొరకని విభజన సాధకుడికి అడ్డమవుతుంది.

బ్లావట్‌స్కీ జవాబు పట్టిక రూపంలో ఇచ్చింది. 'సీక్రెట్ డాక్ట్రిన్' మొదటి సంపుటం 157వ పుటలో ఏడు తత్వాలూ, వేదాంతుల అయిదు కోశాలూ, తారకరాజయోగపు నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. మొదటి మూడు తత్వాలు స్థూలోపాధి కిందికి, తరువాతి రెండూ సూక్ష్మోపాధి కిందికి, బుద్ధి కారణోపాధి కిందికి వస్తాయి. యోగాభ్యాసానికి నాలుగే మేలని ఆమె అక్కడ ఒప్పుకుంది కూడా. అయినా పొత్తు కుదరలేదు. ఆ పుస్తకం రాతప్రతిని దిద్దమని పంపితే సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. 1888లో సమాజం నుంచి తప్పుకున్నారు. ఎడమ దారి గురించి అడిగేవాళ్లకు ఆయన్ను ఎందుకు గుర్తుచేస్తున్నామంటే, మన సంప్రదాయపు మాటను దాని సొంత పొలంలో నిలబెట్టి చదవాలని ఆమెకు ముఖాముఖి చెప్పిన తొలివాళ్లలో ఆయన ఒకరు.

ప్రశ్న: థియోసఫీ పుస్తకాల్లో 'దుగ్పాలు' అనే ఎర్రటోపీ మంత్రగాళ్లు వస్తారు. మా ఊళ్లో కాలచక్ర దీక్షోత్సవం జరిగినప్పుడు టిబెట్ భిక్షువులను చూశాం. వీళ్లలో వాళ్లెవరు?
— అమరావతి

జవాబు: ఎవరూ కారు. దుగ్పా అని ఆమె రాసింది ద్రుక్‌పా అనే పేరునే. అది టిబెట్ బౌద్ధంలో కగ్యూ శాఖకు చెందిన పెద్ద గురుపరంపర, 12వ శతాబ్దంలో మొదలైంది. భూటాన్ దేశపు ప్రధాన సంప్రదాయం అదే. ద్రుక్ అంటే ఉరుములా గర్జించే డ్రాగన్. ఆ డ్రాగనే వాళ్ల జెండా మీద ఉంది. బ్లావట్‌స్కీ కాలంలో యూరప్‌కు టిబెట్ గురించి తెలిసింది చాలా తక్కువ. పసుపుటోపీ గెలుగ్ శాఖ శుద్ధమైనదనీ, ఎర్రటోపీవాళ్లు మంత్రగాళ్లనీ ఆమె రెండుగా చీల్చి, రెండోదానికి ఈ పేరు తగిలించింది. తరువాత వచ్చిన థియోసఫీ పుస్తకాల్లో దుగ్పా అంటే ఎడమ దారి మంత్రగాడు అనే స్థిరపడిపోయింది. ఒక సజీవ మతశాఖను తిట్టుగా మార్చేశారు. ఆ పుస్తకాలు చదివేవాళ్లు ఆ పేరు వచ్చినచోట ఇది గుర్తుంచుకోవాలి.

పసుపుటోపీవాళ్లకు తంత్రం లేదనడం ఇంకో పొరపాటు. ఆమె ఎంతో గౌరవించిన, ఆ శాఖకు మూలపురుషుడైన త్సోంగ్‌ఖాపానే తంత్రసాధన మెట్ల మీద పెద్ద గ్రంథం రాశాడు. 2006 జనవరిలో దలైలామా మీ ఊళ్లో ఇచ్చిన కాలచక్ర అభిషేకం అనుత్తరయోగ తంత్రం, అంటే తంత్రాల్లో అన్నిటికంటే పై మెట్టు; ఆయనది గెలుగ్ శాఖ. బుద్ధుడు శంభల రాజు సుచంద్రుడికి కాలచక్రం చెప్పింది ధాన్యకటక స్తూపం దగ్గరేనని వాళ్ల నమ్మకం. అదే మీ ధరణికోట. థియోసఫీలో ఇంతగా మారుమోగే శంభల పేరు ఆ కాలచక్రంలోనూ ఉన్నదే.

మరో సంగతి. 'సీక్రెట్ డాక్ట్రిన్'కు ఆధారమని తాను చెప్పిన జ్యాన్ శ్లోకాలు 'కియూ-తె' గ్రంథాలకు సంబంధించినవని బ్లావట్‌స్కీ రాసింది. ఆ పేరేమిటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1980ల్లో దాన్ని గుర్తుపట్టారు. టిబెట్ భాషలో 'గ్యూ-దె', టిబెట్ బౌద్ధుల గ్రంథసంపుటి కంగ్యూర్‌లోని తంత్ర విభాగం. తంత్రాన్ని నల్లవిద్య కింద పెట్టిన మనిషే తన మూలాన్ని తంత్రాల పేటికలో చూపించింది. దీన్ని పట్టుకుని ఆమెను అబద్ధాలకోరు అనేవాళ్లున్నారు. మేము మరోలా చూస్తాం: తంత్రం లోతు ఆమెకు కొంత తెలుసు, దాని పేరు మీద అప్పటి ఇంగ్లీషు పుస్తకాలు పూసిన మసిని మాత్రం దులుపుకోలేకపోయింది.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. క్రౌలీ, లావే రాసినవి చదువుతున్నాను. 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' వామాచారమే, థియోసఫీయే దాని తల్లి అంటున్నారు. ఎంతవరకు సరి?
— వడ్డేశ్వరం

జవాబు: ఈ పేరు నడిచివచ్చిన దారిని తేదీలతో పట్టుకోండి, గందరగోళం పోతుంది.

బ్లావట్‌స్కీ దగ్గర ఆ పేరు తిట్టు: తనకోసం శక్తిని వాడేవాడి దారి. 1888లో లండన్‌లో రెండు గుంపులు పుట్టాయి. ఒకటి గోల్డెన్ డాన్, క్రతువులూ తాయెత్తు యంత్రాలూ చేసేది. రెండోది బ్లావట్‌స్కీ పెట్టిన ఎసోటెరిక్ సెక్షన్, క్రతువులు వద్దని చదువూ ధ్యానమూ నియమబద్ధ జీవితమూ చాలన్నది. ఇంగ్లీషు మంత్రవాది క్రౌలీ గోల్డెన్ డాన్ నుంచి వచ్చినవాడు. అతని దగ్గరా ఎడమ దారి తిట్టే. సాధనలో పై మెట్లకు ముందు వచ్చే అఖాతం దాటేటప్పుడు అహాన్ని వదలలేక దానిచుట్టూ కోట కట్టుకున్నవాళ్లను అతను నల్లసోదరులన్నాడు. ఈ విషయంలో అతను బ్లావట్‌స్కీ పక్కనే నిలుస్తాడు. ఇది ఎంతమంది గమనించారో మరి.

తిట్టు బిరుదుగా మారింది ఆ తరువాత. 1966లో ఆంటన్ లావే శాన్‌ఫ్రాన్సిస్కోలో చర్చ్ ఆఫ్ సేటన్ పెట్టాడు. 1975లో అందులోంచి విడిపోయిన మైకేల్ అక్వినో టెంపుల్ ఆఫ్ సెట్ పెట్టాడు. వీళ్ల ఎడమ దారి లక్ష్యం వ్యక్తి కరిగిపోకుండా విడిగా నిలిచి తానే దేవుడవడం. ఇప్పుడు కౌలంతో పోల్చండి. కౌలుడి లక్ష్యం శివశక్తుల సామరస్యం, 'నేను' అన్న ముడి విడిపోవడం. నిషిద్ధాన్ని ముట్టుకోవడం రెండిట్లోనూ ఉంది. ఒకడు ముడి విప్పడానికి ముట్టుకుంటాడు, ఇంకొకడు బిగించడానికి. పేరు ఒకటైనంత మాత్రాన దారి ఒకటి కాదు.

థియోసఫీ తల్లి అన్న మాటలో సగం నిజముంది. సంస్కృత పదాన్ని ఇంగ్లీషులో ప్రచారం చేసింది, సైతానును మనస్సు ఇచ్చినవాడిగా చదివే చదువును అందించింది, మానవుడిలో దాగిన శక్తులను పరిశోధించడం తన మూడో ఆశయమని రాసుకుంది. కానీ అన్నిటికంటే ముందు పెట్టుకున్న ఆశయం విశ్వమానవ సోదరత్వం. బ్లావట్‌స్కీ కొలబద్ద ప్రకారం దాన్ని తీసేస్తే మిగిలేది ఎడమ దారే.

ప్రశ్న: ధ్యాన కేంద్రంలో ప్లీహ (స్ప్లీన్) చక్రం అని నేర్పారు. సౌందర్యలహరి పారాయణలో అలాంటిది లేదు. ఏడు చక్రాలకు ఇంద్రధనుస్సు రంగులట. ఏది సరి?
— పటమట, విజయవాడ

జవాబు: మీకు మూడు కాలాల సరుకు ఒకే బుట్టలో వేసి ఇచ్చారు.

పాతది షట్చక్రనిరూపణం, 1577 నాటి పూర్ణానందుడి రచన. దళాలు మూలాధారంలో 4, స్వాధిష్ఠానంలో 6, మణిపూరంలో 10, అనాహతంలో 12, విశుద్ధిలో 16, ఆజ్ఞలో 2. కూడితే 50, దళానికో అక్షరం చొప్పున వర్ణమాల. రంగులు పంచభూతాలవి: పృథ్వికి పసుపు చతురస్రం, జలానికి తెల్లని నెలవంక, అగ్నికి ఎర్రని త్రికోణం, వాయువుకు పొగరంగు షట్కోణం. సౌందర్యలహరి 14వ శ్లోకంలో వచ్చేవి దళాలు కావు, మయూఖాలు, అంటే కిరణాలు: 56, 52, 62, 54, 72, 64. మొత్తం 360, సంవత్సరానికి రోజుల లెక్క. ఈ రెండు లెక్కలనూ కలిపేసేవాళ్లు చాలామంది.

రెండోది లెడ్‌బీటర్, థియోసఫీ నాయకుడు, 1927లో చక్రాల మీద పుస్తకం వేశాడు. స్వాధిష్ఠానాన్ని తీసి, ఆరు దళాలతో ప్లీహ చక్రాన్ని పెట్టింది ఆయనే. ప్రాణశక్తి అక్కడినుంచి లోపలికి వస్తుందనీ, జననేంద్రియ స్థానాన్ని లేపడం ప్రమాదమనీ ఆయన ఉద్దేశం. ఎడమ దారి భయం ఇక్కడ శరీరపటాన్నే మార్చేసింది! భ్రూమధ్యంలో ఆయన లెక్క 96, నడినెత్తిన 960, లోపల మరో 12. ఇవి తన దివ్యదృష్టికి కనిపించాయన్నాడు, గ్రంథాల్లోవని అనలేదు. తంత్రగ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చిన జాన్ ఉడ్రఫ్ తన 1919 నాటి గ్రంథంలోనే, లెడ్‌బీటర్ అంతకుముందు రాసినవాటికీ తంత్రానికీ పొత్తు కుదరదని ఎత్తి చూపాడు.

మూడోది ఇంద్రధనుస్సు వరస. అది 1970ల్లో అమెరికాలో స్థిరపడింది. రెండు పాత వరసల్లోనూ లేదు.

అభ్యాసానికి ఒక పటమే పెట్టుకోండి. ఒక పటంలో చోటు, ఇంకో పటంలో రంగు, మూడోదానిలో మంత్రం తీసుకుంటే ధారణ నిలవదు. కుంభకం పుస్తకం చూసి చేయకండి. ఊపిరి బలవంతంగా బిగపడితే తలతిరుగుడు, గుండెదడ వస్తాయి. రక్తపోటు, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలే వద్దు. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా, మాటలు వినిపిస్తున్నా, కుండలిని లేచిందని సంబరపడకుండా అభ్యాసం ఆపి మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా ఇంటిమీద చేతబడి ఉందని, వామాచార పూజతోనే పోతుందని ఒకాయన లక్షన్నర అడిగాడు. డెబ్బై వేలు ఇచ్చాం. ఇప్పుడు అర్ధరాత్రి పూజకు మా కోడలు ఒక్కతే కూర్చోవాలంటున్నాడు. ఏం చేయాలి?
— గుంటూరు, పేరు వద్దన్నారు

జవాబు: ఇంకో రూపాయి ఇవ్వకండి. మీ కోడల్ని ఆ మనిషి ఎదుటకు పంపకండి. అమ్మా, ఇది ఇవాళే చేయాల్సిన పని.

డబ్బు ఫోన్‌పే ద్వారా వెళ్లి ఉంటే లావాదేవీ వివరాలు, అతని వాట్సాప్ మాటలు, ఫోన్ కాల్ జాబితా దాచండి, చెరపకండి. నేరుగా చేతికిచ్చి ఉంటే తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు కాగితం మీద రాసిపెట్టండి. స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను మోసానికి సంబంధించింది. మోసంతో డబ్బు రాబట్టినవాడికి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆన్‌లైన్ మోసమైతే సైబర్ నేరాల నంబరు 1930కి కూడా చెప్పండి. బెదిరిస్తే 112, ఆడవాళ్లకు 181. తాయెత్తుతో, మంత్రంతో రోగాలు నయం చేస్తామని అతను కరపత్రాలు పంచి ఉంటే, 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కూడా వర్తించవచ్చు. ఒక కరపత్రం దాచండి.

అతను చెప్పింది వామాచారం కూడా కాదు. కౌలపూజ దీక్ష లేనివాళ్లతో చేయించరు. అద్దెకు చేయరు. చేతబడి తీయడానికి దాన్ని ఎవరూ విధించలేదు. ఎవరిదగ్గర దీక్ష, ఏ గురుమండలం, గురువు పేరేమిటి అని అడగండి. నిజమైన ఉపాసకుడు గురుపాదుకా స్మరణ చేయకుండా పూజ మొదలుపెట్టడు కనుక ఆ పేరు చెప్పడానికి తడుముకోడు.

చేతబడి ఎవరు చేశారో చూపిస్తానని అతను ఏ పక్కింటివాళ్ల పేరో చెప్పి ఉంటే, దాన్ని మీ గడప దాటనివ్వకండి. అలాంటి మాటల మీదే మన పల్లెల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బుగా ఉంటే ఆ జబ్బును ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి.

ప్రశ్న: 'సీక్రెట్ డాక్ట్రిన్' కొన్నాను. మొదటి పుట నుంచి మొదలుపెట్టి మూడుసార్లు వదిలేశాను. ఎలా చదవాలి?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదటి పుట నుంచి చదవకండి. బ్లావట్‌స్కీ చివరి రోజుల్లో లండన్‌లో ఆమె దగ్గర చదువుకున్న ఒక శిష్యుడు రాసుకున్న నోట్సులో చదివే వరస ఉంది. మొదటి సంపుటం ప్రవేశికలో మూడు మూల ప్రతిపాదనలు ముందు: 14వ పుట నుంచి అయిదారు పుటలు. తరువాత అదే సంపుటంలో 'సమ్మింగ్ అప్' అన్న భాగం, 269వ పుట నుంచి, అంకెలు వేసిన అంశాలు. ఆపైన రెండో సంపుటం మొదట్లోని ప్రాథమిక గమనికలు, చివర ఉపసంహారం. ఇవి అయ్యాకనే శ్లోకాల దగ్గరికి వెళ్లండి. మొదటి సంపుటంలో ఏడు, రెండోదానిలో పన్నెండు ఖండాలు. చదువుతున్నంతసేపూ నాలుగు మాటలు మనసులో ఉంచుకోమన్నారు: ఉన్నదంతా ఒకటే, జడపదార్థం లేదు, మనిషి చిన్న విశ్వం, పైన ఎలాగో కిందా అలాగే.

మీ ప్రతిలో పుటల సంఖ్య కలవకపోతే కంగారుపడకండి. 1888 నాటి పుటలను చాలా ముద్రణలు అలాగే ఉంచాయి. 1938 అడయారు ముద్రణ మాత్రం ఆరు సంపుటాలు, లెక్క వేరు. మూడో సంపుటం పేరుతో 1897లో వచ్చినది ఆమె పోయాక కూర్చింది, దాన్ని ఆఖరున చదవండి. రోజుకు రెండు పుటలు చాలు. వామ, తంత్ర, దుగ్పా అన్న మాటలు వచ్చినచోటల్లా మార్జిన్‌లో పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకోండి. చదవడం పూర్తయ్యాక ఆ గుర్తులన్నిటినీ ఒకచోట రాసుకుని మాకు పంపితే, ఒక్కొక్కదానికీ మన గ్రంథాల్లో సమానమైన మాట ఏదో రాబోయే సంచికల్లో వివరిస్తాం.